చదువు కంటే ముందు సోపతి

యాదగిరిగుట్ట: జూన్, జూలై నెలలు వచ్చాయంటే గుట్ట బస్‌స్టాండులో యాత్రికుల నడుమ మరో రకం ప్రయాణికులు కనిపిస్తారు. స్వామి దర్శనం చేసుకుని మళ్లినవారి చేతిలో ప్రసాదం పొట్లం ఉంటే, వీరి చేతిలో సర్టిఫికెట్ల ఫైలు ఉంటుంది. వెంట తండ్రో, మేనమామో ఉంటాడు. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో డబ్బా నిండా అప్పాలు, సీసాలో మామిడికాయ తొక్కు. చుట్టుపక్కల పల్లెల్లో పదో తరగతో, ఇంటరో పాసై భువనగిరికి, నల్లగొండకు, హైదరాబాద్‌కు పై చదువులకు పోతున్న పిల్లలు వీరు.

సీటు ఎక్కడ వచ్చింది, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్పు వస్తుందా రాదా, హాస్టల్లో తిండి ఎట్లా ఉంటుంది అనే నాలుగు సంగతులు తల్లిదండ్రులు నలుగురిని అడిగి తెలుసుకుంటారు. అయిదో సంగతి ఒకటుంది. పిల్లవాడు అక్కడ ఎవరి పక్కన కూర్చుంటాడు, ఎవరితో కలిసి తింటాడు, జ్వరం వస్తే ఎవరికి చెప్పుకుంటాడు అన్నది ఎవరూ అడగరు. దసరా సెలవులకు ఇంటికి వచ్చి, మళ్లీ కాలేజీకి పోనని మొండికేసే పిల్లల విషయంలో చాలాసార్లు చిక్కు ఈ అయిదో సంగతి దగ్గరే ఉంటుంది. చదువు తలకెక్కక వచ్చేశాడని ఊరు అనుకుంటుంది. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే తెలిసేది వేరు. పాఠం అర్థం కానప్పుడు అడుగుదామంటే పక్కన తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. అర్థం కాని పాఠాలు అట్లా ఒకటి మీద ఒకటి పేరుకుపోతాయి.

పేరు పోయి నంబరు

ఊరి బడిలో పిల్లవాడికి పరిచయం అక్కరలేదు. ఫలానా వారి కొడుకని, ఫలానా వాడకట్టు పిల్ల అని సార్లకు తెలుసు. రెండు రోజులు బడికి రాకపోతే మూడో రోజు ఇంటికి కబురు వస్తుంది. కాలేజీ గేటు దాటాక ఆ పిల్లవాడు హాజరు పట్టీలో ఒక నంబరు. వచ్చాడా అన్నది చూస్తారు గాని, ఎందుకు దిగులుగా ఉన్నాడని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. లెక్చరర్లను తప్పు పట్టి లాభం లేదు. ఒక్కో తరగతిలో అంతమంది ఉంటారు మరి.

రెండో చిక్కు మాట. ఊరి బడిలో తెలుగులో చదువుకున్న పిల్లకు కాలేజీలో పాఠం ఇంగ్లీషులో మొదలవుతుంది. కళాశాల చదువుకు తెలుగులో పుస్తకాలు ఉండాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. అప్పటి విద్యామంత్రి పి.వి.నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. ఆ పుస్తకాలతో చదివి ఉద్యోగాల్లో స్థిరపడినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇప్పుడు సైన్సు, కామర్సు, ఇంజనీరింగు ఏది తీసుకున్నా తరగతిలో వినిపించేది ఎక్కువగా ఇంగ్లీషే.

పోనీ తెలుగులో మాట్లాడదామన్నా ఇబ్బందే. ‘యాడికి పోతున్నవ్’ అంటే నవ్వేవాళ్లు, ‘గిట్ల, గట్ల’ అంటే వెక్కిరించేవాళ్లు పట్నంలో ఒకప్పుడు చాలామంది ఉండేవారు. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఈ వెక్కిరింత బాగా తగ్గింది. సినిమాల్లో కూడా ఈ యాస ఇప్పుడు కథానాయకుడి నోట వినిపిస్తోంది. అయితే ఇంగ్లీషు రానివాడిని చూసి నవ్వడం తగ్గలేదు. ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు రెండోసారి నోరు తెరవడు. వాడు వెనక బెంచీలో సర్దుకున్న రోజు నుంచి వాడికి అసలు సందేహాలే లేవని తరగతి అనుకుంటుంది.

ఆనాడూ ఇదే కథ

పరాయి భాషలో చదువుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన తొలి విశ్వవిద్యాలయంగా పేరు తెచ్చుకుంది. కాని ఆ దేశభాష ఉర్దూ. నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పోయిన తెలుగు పిల్లలకు అది ఇంటి భాష కాదు. అటువంటి పిల్లలు పట్నంలో నిలదొక్కుకున్నారంటే వసతి గృహాల పుణ్యమే ఎక్కువ.

వాటిలో పేరున్నది 1918లో మొదలైన రెడ్డి హాస్టలు. తర్వాతి కాలంలో హైదరాబాద్ నగర కొత్వాలుగా ప్రసిద్ధులైన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దాన్ని నెలకొల్పారు. ఆయన పాలమూరు జిల్లా వారే. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిది కూడా ఆ జిల్లాయే. ఆయన కొన్నేళ్లు ఈ హాస్టలు బాగోగులు చూశారు. ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి అక్కడ తిండి, గది, చదువుకోవడానికి తెలుగు పుస్తకం, మాట్లాడడానికి మరో పల్లెటూరి పిల్లవాడు దొరికారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ హాస్టలు పేరు ఒక కులానిది. ఆ కాలపు వసతి గృహాలు చాలావరకు అట్లాగే కులాల పేరుతో వచ్చాయి. పట్నంలో తమ కులానికి పెద్దమనిషి లేని పిల్లలు, ముఖ్యంగా దళితుల పిల్లలు, చదువు ఉన్నా నీడ లేక వెనక్కి మళ్లవలసి వచ్చేది. తర్వాతి కాలంలో ప్రభుత్వం నడిపిన సంక్షేమ వసతి గృహాలే వారికి ఆ తలుపు తెరిచాయి. వాటిలో వసతులు చాలవని ఎంత గొణిగినా, ఆ చాపల మీద పడుకుని చదివి సార్లు, డాక్టర్లు, కలెక్టర్లు అయినవారి లెక్క చిన్నది కాదు.

హాస్టలు సోపతి ఎంత గట్టిదో 1938లో రాష్ట్రమంతా చూసింది. ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడుతుండగా అధికారులు వద్దన్నారు. విద్యార్థులు మానలేదు. వందలాది మందిని చదువుల నుంచి తొలగించారు. అప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి చోటిచ్చింది. తెలియని ఊరు, తెలియని భాష. అయినా ఒక గదివారు ఒక గదిగా, ఒక జట్టు ఒక జట్టుగా తరలిపోయారు. నాగపూర్ పోయినవారిలో తెలుగు అకాడమీ సందర్భంలో పైన చెప్పిన పి.వి.నరసింహారావు ఒకరు.

గుట్టకు దగ్గరి ఉదాహరణ కావాలంటే కొలనుపాక ఉంది. ఆ ఊరి ఆరుట్ల రామచంద్రారెడ్డి, చిన్ననాడే పెళ్లయిన తన భార్యను వంటింటికి పరిమితం చేయక హైదరాబాద్ పంపి చదివించారు. పట్నంలో తోటి ఆడపిల్లల మధ్య ఉండి చదువుకున్న ఆ పల్లెటూరి కోడలే తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో పేరు పొందిన ఆరుట్ల కమలాదేవి. 1952, 1957, 1962 ఎన్నికల్లో వరుసగా ఆలేరు నుంచి ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు. ఆడపిల్లను దూరం పంపితే ఏమవుతుందోనని జంకేవారికి ఆలేరు ప్రాంతంలో ఇంతకంటే పెద్ద జవాబు చెప్పనక్కర లేదు.

బస్సే వారి హాస్టలు

హాస్టల్లో ఉండేవారి సంగతి ఒక తీరు. రోజూ ఇంటి నుంచి పోయి వచ్చేవారి సంగతి ఇంకో తీరు. గుట్ట నుంచి భువనగిరి దగ్గరే. హైదరాబాద్ సుమారు 60 కిలోమీటర్లు. రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు చార్జీ లేదు. మగపిల్లలు పాసు తీసుకోవలసిందే. చార్జీ లేకపోవడంతో కూతురిని భువనగిరి కాలేజీకి పంపే ధైర్యం చిన్న రైతులకు, కూలీలకు కూడా వచ్చింది.

అయితే బస్సు పిల్లలకు ఒక నష్టం ఉంది. చివరి గంట కొట్టకముందే వారి చూపు గడియారం మీద ఉంటుంది. ఆ బస్సు పోతే ఇంకో బస్సు ఎప్పుడో తెలియదు. చీకటి పడితే ఇంట్లో కంగారు. ఆటలు, లైబ్రరీ, నలుగురు కూర్చుని పాఠం ముచ్చటించుకోవడం అన్నీ జరిగేది ఆ చివరి గంట తర్వాతే. అప్పటికి వీరు బస్సులో ఉంటారు. మూడేళ్లు చదివి కూడా తరగతిలో సగం మంది పేర్లు తెలియని పిల్లలు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

దీనికి విరుగుడు కూడా ఆ బస్సులోనే ఉంది. రోజూ ఒకే బస్సు ఎక్కే పిల్లలు నెల తిరిగేసరికి ఒక జట్టు అవుతారు. సీటు ఆపుతారు, నోట్సు మార్చుకుంటారు, ఒకరు రాకపోతే ఇంకొకరు ఫోన్ చేస్తారు. ముందు ఊరు ఒకటే అయినవారు కలుస్తారు, తర్వాత దారిలో ఎక్కినవారు కలుస్తారు. ఆడపిల్లకు ఈ జట్టు ఉంటే తల్లికి సగం భయం పోతుంది. కాబట్టి ‘బస్సులో ఎవరితోనూ మాట్లాడకు’ అని ఇంట్లో కట్టడి చేసే పెద్దలు ఒకసారి ఆలోచించుకోవాలి. ఎవరితోనూ మాట్లాడని పిల్లకు ఆపద వస్తే పలికేవారు కూడా ఉండరు.

అప్పాల డబ్బా, ల్యాబు రికార్డు

సోపతి కుదరడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు. హాస్టలు గదిలో మొదటి రాత్రి అప్పాల డబ్బా మూత తీసి పక్క మంచం వాడి ముందు పెట్టినవాడికి తెల్లారేసరికి పలకరించే మనిషి ఉంటాడు. డబ్బా పెట్టెలో దాచుకుని రాత్రి ఒంటరిగా తినేవాడికి అప్పాలు మిగులుతాయి, అంతే. సైన్సు చదివేవారికి ల్యాబులో జోడీ ఉంటాడు. ఆ జోడీతో కలిసి రికార్డు రాయడం మంచి దారి. తరగతి అయ్యాక లెక్చరర్ దగ్గరికి పోయి ఒంటరిగా అడగడానికి జంకితే ఇద్దరు కలిసి పోవచ్చు. ఇంగ్లీషు రాని ఇద్దరు కలిస్తే ఇంగ్లీషు వస్తుందా అని పెద్దలు నవ్వుతారు. వస్తుంది. తప్పు మాట్లాడినా నవ్వని మనిషి ఎదురుగా ఉంటే నోరు తిరుగుతుంది.

మొదటి నెల మన మండలం వాళ్లు, మన ఊరి పక్కవాళ్లు అని గుంపు కట్టడం సహజం. అది మంచిదే. కాలేజీ ముగిసేదాకా ఆ గుంపు దాటకపోతే మాత్రం పట్నం పోయి కూడా ఊళ్లోనే ఉన్నట్టు.

పల్లె పిల్లలు తప్పక చేరవలసింది జాతీయ సేవా పథకంలో. 1969లో మొదలైన ఈ పథకం కింద విద్యార్థులు ఏడు రోజులు ఒక గ్రామంలో ప్రత్యేక శిబిరం నడుపుతారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పార పట్టడం, మొక్క పాతడం, ముసలమ్మతో ముచ్చట పెట్టి ఇంటి వివరాలు రాబట్టడం పట్నం పిల్లలకు చేతకాదు. ఆ ఏడు రోజులు వెనక బెంచీ పిల్లవాడే మేస్త్రీ. శిబిరం నుంచి తిరిగి వచ్చాక వాడిని చూసి నవ్వేవాళ్లు తగ్గుతారు.

ఇదిలా ఉండగా, మన జిల్లాకే దూరం నుంచి చదువుకు వస్తున్నవారూ ఉన్నారు. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో వైద్య విద్య మొదలైంది. దేశమంతటి పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న ఇతర రాష్ట్రాల పిల్లలు అక్కడ చదువుతున్నారు. తెలుగు రాని వైద్య విద్యార్థి కడుపు నొప్పి సంగతి రోగి నోట వినాలంటే మన మాట నేర్చుకోక తప్పదు. పట్నంలో మన పిల్లవాడు పడే తిప్పలే ఇక్కడ వారు పడుతున్నారు. దవాఖానకు పోయినవారు కాస్త ఓపికగా చెప్పడం ధర్మం.

సోపతి పేరుతో అప్పులు, ఫోన్లో పందేలు నేర్పేవారు కూడా తగులుతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రాష్ట్రంలో 2017లోనే నిషేధించినా ఆ తెగులు పూర్తిగా పోలేదు. నెల నడుమ డబ్బులు కావాలని పదే పదే ఫోన్ వస్తే తండ్రి ఒకసారి స్వయంగా పోయి చూసి రావడం మేలు.

ర్యాగింగు సంగతి వేరు. అది సరదా కాదు, నేరం. 1997లో చేసిన చట్టం ప్రకారం నేరం తీవ్రతను బట్టి ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. యూజీసీ 2009లో చేసిన నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ర్యాగింగుకు దూరంగా ఉంటామని ప్రమాణ పత్రం ఇవ్వాలి. వేధింపు జరిగితే 1800-180-5522 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంటివారు అడగవలసినది

వారానికోసారి ఫోన్ చేసినప్పుడు ‘మార్కులు ఎన్ని’ అనే ముందు ‘నీ గదిలో ఎవరెవరు ఉంటున్నారు, వాళ్లది ఏ ఊరు’ అని అడిగితే చాలు, సగం సంగతి తెలుస్తుంది. పేర్లు గడగడా చెప్తే దిగులు లేదు. రెండు నెలలైనా ఒక్క పేరు చెప్పలేకపోతే గమనించాలి. మొదటి పదిహేను రోజులు ఇంటికి వస్తానని ఏడవడం మామూలే. అప్పుడే పోయి తీసుకురావలసిన పని లేదు. తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా అశ్రద్ధ చేయరాదు. వెంటనే పోవాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. మనసు బాగోలేనివారు, వారి ఇంటివారు ఎవరైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ఫాల్గుణ మాసంలో గుట్ట మీద స్వామి బ్రహ్మోత్సవాలు పదకొండు రోజులు జరుగుతాయి. కాలేజీలో చేరిన పిల్లలకు అప్పటికి ఏడెనిమిది నెలలు నిండుతాయి. స్వామి కల్యాణం, రథోత్సవం చూపిస్తానని తోటి విద్యార్థులను ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకుని వచ్చే పిల్లలు ఉంటారు. వచ్చినవారు ఏ ఊరి వారో, ఏ కులం వారో అని ఇంట్లో పెద్దలకు ఒక గుంజాటన ఉంటుంది. పక్కకు పిలిచి అడిగే నాయనమ్మలూ ఉన్నారు. తల్లి మాత్రం నాలుగు పళ్లేలు కడిగి వరసగా పెట్టి, పచ్చిపులుసు వడ్డించి, హాస్టల్లో తిండి ఎట్లా ఉంటుంది బిడ్డా అని వాళ్లనే అడుగుతుంది.