అణుశక్తి రాకెట్టును గూర్చి కంప్యూటరు కట్టు లెక్క

విద్యార్థులారా, లెక్క చేసిన పిదప సరిచూచుకొనుడని మేము తరగతిలో మాటిమాటికిని చెప్పుట మీకు విసుగు కలిగింపవచ్చును. ఆ మాటయొక్క విలువను తెలుపు నుదాహరణ మొకటి యిచ్చట వివరింతుము.

సామాన్యమైన రాకెట్టులో ఇంధనము మండి, ఆ వేడి వాయువు వెనుకకు వెడలుటచే రాకెట్టు ముందునకు సాగును. అణుశక్తి రాకెట్టులో మండుట లేదు. యురేనియము పరమాణువులు చీలుటచే పుట్టిన వేడిమి గ్రాఫైటు కడ్డీలను కాచును. ఆ కడ్డీలలోని సన్నని రంధ్రముల గుండ హైడ్రోజను పరుగెత్తుచు వేడెక్కును. తొట్టిలో సున్నకు 253 డిగ్రీలు దిగువనుండు ద్రవము, వెలుపలికి వచ్చునప్పటికి 2,000 డిగ్రీలు మించిన వాయువగును. హైడ్రోజను మిక్కిలి తేలిక గనుక మిక్కిలి వేగముగ వెడలును. అందుచే ఒక్కొక్క కిలో ద్రవ్యమువలన కలుగు త్రోపు మామూలు రాకెట్టులో కంటె సుమారు రెండింతలు.

అమెరికా దేశమువారు 1955 మొదలు 1973 వరకు ఇట్టి యంత్రములను నిర్మించి, నెవాడా యెడారిలో పరీక్షించిరి. తొలి యంత్రములకు ఎగురలేని పక్షియైన కివి పేరు పెట్టిరి. అవియును నేల విడుచునవి కావు. 1962 నవంబరు 30వ తేదీని ఒక కివి యంత్రమును నడుపుచుండగా దాని మూతినుండి మెరుపులు వెడలెను. అవి పగిలిన కడ్డీల తునకలు. కారణ మేమి? 1963లో పరమాణువుల చీలిక లేకుండ వట్టి చల్లని వాయువును పంపి చూచిరి. కడ్డీలు అప్పుడును కంపించెను. దోషము వాయుప్రవాహమునదే యని తేలెను. కడ్డీల అమరికను మార్చిన పిదప 1964లో ఆ కంపనము కానరాలేదు.

నేడు ఇట్టి ప్రవాహమును కంప్యూటరుచే గణించుచున్నారు. వాయువు నడచు మార్గమును లక్షలకొలది చిన్న గదులుగా విభజింతురు. ప్రతి గదిలోనికి వచ్చిన దెంత, పోయిన దెంత, నిలిచిన దెంత యని ద్రవ్యమునకును, వేగబలమునకును, వేడిమికిని ఇంటిపద్దువలె లెక్క కట్టుదురు. నేవియర్, స్టోక్సు అను పండితులు 19వ శతాబ్దమున కూర్చిన సమీకరణములే దీనికి ఆధారము.

ఈ లెక్కలో చిక్కు లేకపోలేదు. నూనె వేడెక్కిన పలుచనై సులువుగ పారును. వాయువు వేడెక్కిన దాని జిగట హెచ్చును. ప్రవాహము మెల్లగ నున్నప్పుడు ఒక రంధ్రము తక్కినవానికంటె వేడెక్కెనేని, దానిలో వాయువు తగ్గును. తగ్గుటచే అది మరింత వేడెక్కును. గదులు పెద్దవైనచో కంప్యూటరు ఇట్టి సూక్ష్మములను గుర్తింపక, తప్పు జవాబునే నిస్సంకోచముగ చెప్పును.

కావున శాస్త్రజ్ఞులు తమ గణనలను ఆ పాత పరీక్షలలో కొలిచిన అంకెలతో పోల్చి చూచుచున్నారు. హైడ్రోజనును విద్యుత్తుచే వేడిచేసిన కడ్డీల గుండ పంపి మరల కొలుచుచున్నారు. అంత గొప్ప యంత్రము కట్టిన లెక్కనే సరిచూడవలసియుండగా, మన పలకమీది లెక్కను సరిచూచుకొనుటకు మనము సిగ్గుపడ నేల?