అమ్మకో బెంచీ ఉంది

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర ఓ సిమెంటు బెంచీ ఉంది. నవంబర్ వస్తే సాయంత్రం అక్కడ చిన్న క్యూ. బ్యాంకులో రిటైరైన అంకుల్ ఒక్కొక్కరి ముఖం ముందు ఫోన్ పెట్టి 'కళ్లార్పండమ్మా' అంటుంటారు. పెన్షన్ ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఇచ్చేవారు, 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించినా చాలు. మా అమ్మది కూడా ఆయనే చేసేశారు. నేను 'ఈ వీకెండ్ చేద్దాంలే' అంటూనే ఉన్నా.

నాన్న పోయాక అమ్మ ఒంగోలు నుంచి నా దగ్గరికి వచ్చేసింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి మనలాంటివాళ్లం ఇటు వస్తూనే ఉన్నాం, మన వెనకాలే అమ్మానాన్నలూ. మనకి ఆఫీసులో టీమ్ రెడీగా ఉంటుంది. వాళ్లు అరవై దాటాక మళ్లీ మొదటినుంచి మనుషుల్ని వెతుక్కోవాలి.

అమ్మ వెతుక్కుంది. ఆ బెంచీ బ్యాచ్‌కి పేరు లేదు, చందా లేదు. ఒకరు రక్తపరీక్షకి వెళ్తే ఇంకొకరు తోడు వెళ్తారు. ఆరున్నరకి ఎవరైనా రాకపోతే ఫోన్ చేస్తారు.

పోయిన వేసవిలో ఓ రోజు నేను రిలీజ్ కాల్‌లో ఉన్నా. తెలియని నంబర్. క్రెడిట్ కార్డు వాళ్లనుకుని కట్ చేసి, సైలెంట్‌లో పెట్టేశా. తర్వాత చూస్తే 9 మిస్డ్ కాల్స్. అమ్మ కిందికి రాలేదని సి బ్లాక్ ఆంటీ వెళ్లి తలుపు కొట్టారట. షుగర్ పడిపోయి, ఒళ్లంతా చెమటలతో గోడ పట్టుకుని తలుపు తీసిందట అమ్మ. వెంటనే పంచదార నీళ్లు తాగించారు. నేను ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి వాళ్లతో కూర్చుని ఇడ్లీ తింటోంది.

పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ ఉంది, 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితం. తప్పకుండా సేవ్ చేసుకోండి. కానీ దానికి మనం ఫోన్ చేయాలి. ఆ బెంచీ వాళ్లు మనం చేయకపోయినా వస్తారు.

ఈ ఏడాది ఓనర్ అద్దె పెంచారు. అదే డబ్బుకి తెల్లాపూర్‌లో పెద్ద ఫ్లాట్ దొరికింది. ఫొటోలు చూపిస్తే అమ్మ 'బాగుందిరా, ఎప్పుడు మారదాం?' అంది. ఆ సాయంత్రం మాత్రం బెంచీ దగ్గర్నుంచి గంట ఆలస్యంగా పైకొచ్చింది. ఏమీ మాట్లాడకుండా కుక్కర్ పెట్టుకుంది.

మర్నాడు బ్రోకర్‌కి వద్దని చెప్పేశా.

మీ అమ్మానాన్నలు మీ దగ్గరే ఉంటే ఈ రోజే ఓ పని చేయండి. సాయంత్రం వాళ్లు ఎవరి పక్కన కూర్చుంటారో కనుక్కుని, ఓ ఇద్దరి నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఆ రోజు నా దగ్గర ఒక్కటి కూడా లేదు.