అంగిలిపై అడ్డపొగ

నోటిలోని వ్యాధులలో చాలవాటిని నొప్పియే బయటపెట్టును. పన్ను పుచ్చినచో సలుపు పుట్టును. చిగురు వాచినచో రక్తము కారును. కాని, అన్నిటికంటె ప్రమాదకరమైన నోటి కాన్సరు తొలిదశలో తరచుగా నొప్పి కలిగింపదు. నొప్పి కొరకు ఎదురుచూడక, దానిని వెదకి పట్టుకొనవలయును. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల తీరగ్రామములలో కానవచ్చు అంగిలి కాన్సరు ఇందుకు తగిన ఉదాహరణము.

ఆ గ్రామములలో చుట్టను, నిప్పున్న కొన నోటిలోపల నుండునట్లు పెట్టుకొని కాల్చు అలవాటు ఇప్పటికిని కొందరిలో కలదు. దీనిని అడ్డపొగ అందురు. ఇట్లు కాల్చువారిలో స్త్రీలే ఎక్కువ. ఈ పద్ధతిలో చుట్ట గాలికి ఆరిపోదు. మెల్లగా కాలుచు ఎక్కువసేపు వచ్చును. మామూలుగా చుట్ట కాల్చునప్పుడు నిప్పు పెదవులకు దూరముగా నుండును. అడ్డపొగలో నిప్పు సెగయు, పొగయు అంగిలి గట్టిభాగమును తిన్నగా తాకును. ఇతర ప్రాంతములలో అరుదుగా కనబడు గట్టి అంగిలి కాన్సరు ఇక్కడ హెచ్చుగా నుండుటకు కారణ మిదియే. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అను వైద్యులు ఈ సంబంధమును వివరించిరి. 1971లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించిరి.

అంగిలిలో మార్పులు క్రమముగా వచ్చును. మొదట లేతగులాబి రంగు పొర తెల్లబడి దళసరియగును. అందలి చిన్న గ్రంథుల నోళ్లు వాచి, తెల్లని బొడిపెల నడుమ ఎఱ్ఱని చుక్కలవలె కానవచ్చును. పొగ మానినచో ఈ మార్పు చాలవరకు తగ్గవచ్చును. మానకున్నచో కొందరిలో ఎఱ్ఱని మచ్చలు, పుండ్లు ఏర్పడును. తెల్లమచ్చకంటె ఎఱ్ఱమచ్చను ఎక్కువగా శంకింపవలయును. ప్రతి మచ్చయు కాన్సరు కాదు. అయినను ఏది కాన్సరో, ఏది కాదో కంటిచూపుతో మాత్రమే తేల్చుట సాధ్యము కాదు.

అంగిలి నోటికి పైకప్పు. ఎవరి అంగిలిని వారు చూచుకొనుట కష్టము. దంతవైద్యుడు మంచి వెలుతురులో చిన్న అద్దముతో చూచును. వేలితో తడవి గట్టిపడినదేమో తెలిసికొనును. దవడ క్రిందను, మెడలోను బిళ్లలు కట్టినవేమో పరీక్షించును. రెండు వారములు దాటినను మానని పుండుగాని, కారణము తెలియని ఎఱ్ఱమచ్చగాని ఉన్నచో, అచ్చట మాత్రము మత్తుమందిచ్చి చిన్న ముక్కను కోసి తీసి, సూక్ష్మదర్శినిలో పరిశీలింతురు. దీనికి బయాప్సీ అని పేరు. కణముల ఆకారము, అమరిక చెడినవా, అవి పైపొరను దాటి క్రిందికి చొచ్చినవా అనునది అప్పుడు తేలును.

కణములు కొద్దిగా మాత్రమే మారినచో పొగాకు మాన్పించి, అవసరమైనచో మచ్చను తొలగించి, నియమముగా పరీక్షించుచుందురు. కాన్సరు చిన్నదిగా నున్నప్పుడు శస్త్రచికిత్సతో నయమగు అవకాశము హెచ్చు. అది ఎముకలోనికి ప్రాకినచో అంగిలిలో కొంతభాగమును తీసివేయవలసివచ్చును. అప్పుడు నోటికి, ముక్కుకు నడుమ గండి పడి, త్రాగిన నీరు ముక్కులోనికి పోవును; మాట ముక్కుతో పలుకును. దంతవైద్యులు అమర్చు పలక ఆ గండిని మూసి, తినుటకు, మాటలాడుటకు తోడ్పడును. కొందరికి రేడియేషన్ చికిత్సయు, మందులును అవసరమగును.

ఇంత దూరము రాకుండ చేయుట సాధ్యమే. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందికి పైగా గ్రామస్థులకు దాని కీడును బోధించి, ఏటేట వారి నోళ్లను పరీక్షించిరి. పొగాకు మానినవారు, తగ్గించినవారు హెచ్చిరని 1986లో వెలువడిన ఫలితములు తెలిపినవి.

ఇంటిలో అడ్డపొగ కాల్చు అమ్మమ్మయో, నాయనమ్మయో “నాకు నొప్పి లేదుగదా!” అనవచ్చును. నొప్పి లేనినాడే వైద్యునికి నోరు చూపించుట మేలని ఆమెకు నచ్చజెప్పగలవారు బడికి పోవు మనుమలు, మనుమరాండ్రే.