ఎవరి ఖాతాలో వ్రాయబడింది?



మార్చి నెలాఖరు వచ్చిందంటే మన సంఘాల్లోని బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, సొసైటీ గుమస్తాలు ఆదివారపు ఆరాధనకు అలసిన ముఖాలతో వస్తారు. చిట్టా, ఆవర్జా, అంకణా అన్నీ సరిపోవాలి. 31వ తేదీ దాటకుండా లెక్క తేలాలి. ఇటువంటి వారితో మాట్లాడుతున్నప్పుడు మేము ఒక సంగతి గమనించాము. దేవుని యెదుట కూడ ఇదే లెక్క ఉంటుందని చాలామంది లోలోపల నమ్ముతున్నారు. ఒక ప్రక్క పాపములు, మరొక ప్రక్క ప్రార్థనలు, కానుకలు, ఉపవాసములు వ్రాసి, చివరకు నిల్వ ఎటు తేలితే మనలను అటు పంపుతారట! అన్యులు ఇలా అనుకుంటే ఆశ్చర్యం లేదు. బాప్తిస్మము పొంది ప్రభుబల్లలో పాలుపొందేవారే అనుకోవడం మాకు ఆందోళనగా ఉన్నది.

బైబిలులో లెక్కల భాష లేదని కాదు, చాలా ఉన్నది. రోమా పత్రిక 4వ అధ్యాయములో "ఎంచబడుట" అని మనం చదివే మాట, గ్రీకు వర్తకులు పద్దు వ్రాసేటప్పుడు వాడిన మాటే. ఆ ఒక్క అధ్యాయములో అది 11 సార్లు వస్తుంది. అక్కడ 4వ వచనములో పౌలు కూలివానిని ఉదాహరణగా తీసుకున్నాడు. పనిచేసినవాని జీతం యజమాని పుస్తకములో బాకీ క్రింద ఉంటుంది గాని దానం క్రింద ఉండదు. అబ్రాహాము ఖాతాలోకి నీతి జీతముగా రాలేదు, దేవుడే జమ వేశాడు.

కామర్సు చదివే పిల్లలకు మొదట నేర్పేది జంటపద్దు విధానం. దానిని వివరించి 1494లో వెనిస్ పట్టణములో అచ్చువేయించినవాడు లూకా పాచియోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. (వర్తకులు అంతకు ముందే దానిని వాడుతున్నారు. పుస్తకానికి ఎక్కించిన ఘనత ఆయనది.) ఈ విధానములో ఏ పద్దూ ఒంటరిగా ఉండదు. ఒకచోట కొట్టివేసినది ఇంకొకచోట కనబడాలి. షావుకారు ఒకని అప్పు వదిలిపెడితే వాని పేరుమీద ఉన్నది పోతుంది, కాని అంత మొత్తమూ షావుకారు స్వంత పుస్తకములో "రానిబాకీ" అని నష్టం క్రింద ఎక్కుతుంది. రుణమాఫీ సంగతి మన రైతు కుటుంబాలకు తెలియనిది కాదు. 1990లో కేంద్ర ప్రభుత్వం అర్హులైన రైతులకు పదివేల రూపాయల వరకు, 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల వరకు బాకీలు మాఫీ చేసినప్పుడు రైతు ఏమీ కట్టలేదు. అయితే ఖజానా కట్టింది.

"దేవుడు ప్రేమాస్వరూపి గదా, ఊరకనే క్షమించకూడదా? సిలువ ఎందుకు?" అని మన యౌవనస్థులు అడుగుతారు. మంచి ప్రశ్నే. 2 కొరింథీ 5వ అధ్యాయము తెరవండి. దేవుడు మనుష్యుల అపరాధములను వారి లెక్కలో వ్రాయలేదని 19వ వచనం చెబుతుంది. మరి ఎక్కడ వ్రాశాడు? 21వ వచనం చదవండి. అదే రెండవ పద్దు.

కొలొస్సయి 2:14లో సిలువకు మేకులతో కొట్టబడిన "పత్రము" ఒకటి ఉన్నది. బాకీదారుడు తన చేతితో వ్రాసి ఇచ్చే ఋణపత్రానికి ఆనాటి పేరు అది. మన ప్రామిసరీ నోటు వంటిదే. మన పల్లెల్లో నోటు సంగతి అందరికీ తెలుసు. మూడేండ్లు గడిస్తే దానికి కాలదోషం పడుతుంది. అందుకని షావుకారు గడువు ముగియకముందే కబురు పెట్టి, వందో రెండు వందలో పుచ్చుకొని, నోటు వెనుక చెల్లు వ్రాయించి సంతకం చేయించుకుంటాడు. ఆ చెల్లుతో నోటుకు మరల మూడేండ్ల ఆయుష్షు! బాకీదారుడు కొంత తీర్చానని తృప్తిగా ఇంటికి పోతాడు. నిజానికి అతడు చేసి వచ్చినది, అప్పును మరొకసారి ఒప్పుకోవడమే. సత్క్రియలతో పాపపు ఋణమును కొంచెం కొంచెం తీర్చుకుందామనేవారిని చూస్తే మాకు ఆ చెల్లు జ్ఞాపకం వస్తుంది. పైగా పాపపు నోటుకు కాలదోషం అనేది లేదు.

మా సంఘములో ఒక పెద్దాయన ఉండేవారు. బియ్యపు మిల్లులో చాలా ఏండ్లు గుమస్తాగా పనిచేశారు. చివరి జబ్బులో ఉన్నప్పుడు ప్రార్థన చేయడానికి వెళ్తే, "అయ్యగారూ, ప్రార్థన తరువాత చేద్దురు గాని, నా లెక్క తేలడం లేదు" అన్నారు. డబ్బు సంగతేమోనని కొడుకులు దగ్గరకు జరిగారు. విషయం వేరు. యౌవనములో తమ్ముని వాటా అరెకరం తన పేర వ్రాయించుకున్నారట. తమ్ముడు చనిపోయాడు. ఆ తరువాత ముప్పై ఏండ్లు కానుకల పెట్టెలో వేస్తూనే ఉన్నారు. "ఎంత వేసినా నిల్వ అటే చూపుతున్నది" అని ఆయన కండ్లనీళ్లు పెట్టుకున్నారు.

అది చిన్న పాపమని మేము చెప్పలేదు. ఫిలేమోను పత్రిక చదివాము. ఒనేసిము బాకీ ఏమీ లేడని పౌలు అనలేదు. ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీరుస్తానని తన చేతితో వ్రాసి ఇచ్చాడు (18, 19 వచనములు). పెద్దాయన కాసేపు కండ్లు మూసుకున్నారు. తరువాత, "అయితే పద్దు అదే, పేరు మారింది" అన్నారు. ఈ మాటను మేము ఆ తరువాత ఎన్నో ప్రసంగాలలో వాడుకున్నాము.

వారం తిరగకముందే సబ్‌రిజిస్ట్రారును ఇంటికి రప్పించి, ఆ అరెకరం తమ్ముని పిల్లల పేర వ్రాయించారు. కొడుకులకు నచ్చలేదు. ఆయన వినలేదు. జక్కయ్య ఇంట్లోనూ క్రమం ఇదే గదా? ప్రభువు మొదట ఆ ఇంట అడుగుపెట్టారు. నాలుగంతలు తిరిగి ఇవ్వడమనే లెక్క ఆ తరువాత వచ్చింది. రక్షణ పొందాను గనుక కిరాణాకొట్టు బాకీ కూడ పోయిందనుకునే సోదరులు లూకా 19వ అధ్యాయము మరొకసారి చదవాలి.

మత్తయి 18వ అధ్యాయములోని దాసుని బాకీ ఎంతో ఎప్పుడైనా కట్టి చూశారా? తలాంతుకు 6,000 దేనారముల చొప్పున పదివేల తలాంతులంటే ఆరు కోట్ల దేనారములు. దేనారము ఒక దినపు కూలి. ఏటా 300 దినములు పనిచేసినా రెండు లక్షల ఏండ్లు పడుతుంది. వాడు మాత్రం కొంచెం ఓర్చుకుంటే అంతా చెల్లిస్తానన్నాడు! తోటి దాసుడు వానికి ఇవ్వవలసినది నూరు దేనారములు, అనగా నూరు దినముల కూలి. అది సామాన్యమైన మొత్తమేమీ కాదు. పెండ్లిలో పెట్టుపోతలు తగ్గాయని పదేండ్లుగా మాట్లాడుకోని మన కుటుంబాల బాధ కూడ నిజమైనదే. వారిని ఆ రెండు అంకెలు ప్రక్క ప్రక్కన వ్రాసి చూసుకొమ్మంటాము.

అయితే లెక్కల పోలిక ఎంతవరకో అంతవరకే. తప్పిపోయిన కుమారుడు దూరదేశములోనే ఒక ఏర్పాటు ఆలోచించుకున్నాడు. ఇంటికి వెళ్లి మూడు మాటలు చెప్పాలి. పాపము చేశానని, కొడుకుననిపించుకొనుటకు తగనని, కూలివారిలో ఒకనిగా పెట్టుకొమ్మని (లూకా 15:18, 19). పనిచేసి బాకీ తీర్చుకుందామనే ఆశ కాబోలు. తండ్రి ఎదురు పరుగెత్తి మెడమీద పడ్డాడు. కొడుకు మొదటి మాట చెప్పాడు, రెండవది చెప్పాడు. మూడవ మాట 21వ వచనములో లేదు. తండ్రి అప్పటికే వస్త్రము తెమ్మని దాసులను కేకవేస్తున్నాడు.