తాటాకుపై ప్రణయ చిత్రాలు

అరకు లోయను దాటి తూర్పు కనుమల వెంట ఈశాన్యంగా సాగితే, కోదు గిరిజనుల కొండల చేరువన గుంసూరు సీమ వస్తుంది. ఈ సీమ ఉన్న గంజాం జిల్లా 1936 వరకు, మన విశాఖపట్నం వలెనే, మద్రాసు రాష్ట్రంలోని భాగం. గుంసూరు రాజవంశంలో జన్మించిన ఉపేంద్ర భంజుడు ఒడియా సాహిత్యంలో కవిసామ్రాట్టుగా ప్రసిద్ధుడు. ఆయన రచించిన ‘లావణ్యవతి’ శృంగార కావ్యం. సింహళ రాకుమారి లావణ్యవతి, కర్ణాట రాకుమారుడు చంద్రభానుడు ఇందలి నాయికా నాయకులు. మన ప్రబంధాలతో పరిచయమున్నవారికి ఇందలి విరహవర్ణనలు, శ్లేషలు పరాయివిగా తోచవు.

ఈ కావ్యాన్ని చదివి ఆనందించినవారు దానిని కన్నులారా చూడాలని కూడా కోరుకొన్నారు. అందుకే పద్యమూ బొమ్మా కలిసిన తాళపత్ర గ్రంథాలు వెలశాయి. వీటిని ఒడియాలో ‘చిత్రపోథి’ అంటారు. అలంకారికులు చెప్పే చిత్రకావ్యం వేరు, ఇది వేరు. పదునుచేసిన ఆకుపై ఇనుప గంటంతో గీతలు గీచి, పైన మసి పూసి తుడిచేవారు. మసి గీతలలో నిలిచి బొమ్మ నల్లగా తేలేది. రెండంగుళాలైనా లేని ఎత్తులో మేడలు, చెట్లు, చెలికత్తెలు, విరహిణి నిట్టూర్పు అన్నీ ఇమడాలి. గీత తప్పితే చెరిపే వీలు లేదు! గంజాం ప్రాంతంలోని ముండమరాయి గ్రామవాసి రఘునాథ ప్రుష్టి ఈ కళలో సిద్ధహస్తుడు.

ఇటువంటి కోరికే ఐరోపాలోనూ కలిగింది. 1608లో ఆంట్వెర్ప్ నగరంలో ఒట్టో వాన్ వేన్ 124 ప్రేమచిత్రాలతో ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. అందులో ప్రతి బొమ్మకూ ఎదుట పద్యాలుంటాయి. చిత్రమేమంటే అదీ అడ్డంగా పొడవైన పుస్తకమే. అయితే అది అచ్చుపుస్తకం కనుక ఒక ప్రతి పోయినా మరొకటి దొరకవచ్చు. స్కాట్లండుకు చెందిన స్టర్లింగ్ మాక్స్‌వెల్ 19వ శతాబ్దిలో ఇటువంటి గ్రంథాలను విస్తారంగా సేకరించాడు. అవి నేడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఒక్కచోట భద్రంగా ఉన్నాయి.

తాళపత్రానికి ఆ భాగ్యం లేదు. ఏ ప్రతికి ఆ ప్రతే ఏకైకం. భువనేశ్వర్‌లోని రాష్ట్ర ప్రదర్శనశాల వేలాది తాళపత్ర గ్రంథాలను కాపాడుతున్నది. కానీ కొన్ని ‘లావణ్యవతి’ చిత్రప్రతుల తాడు విప్పి, ఆకులను విడివిడిగా అమ్మారు. అవి దేశదేశాల సంగ్రహాలకు చేరాయి. సేకరించినవారు బొమ్మను ప్రేమించారే గాని, కథను విడదీస్తున్నామని తలచలేదు. చెదరిన ఆ ఆకులను తిరిగి వరుసలో పెట్టాలంటే అంచున ఉన్న పత్రసంఖ్య, బొమ్మ పక్కనున్న పద్యపాదమే ఆధారాలు. ఆ పాత ఒడియా లిపిని చదవగలవారే ఆ పని చేయగలరు.