గోధుమ పడనివారు: ఇంటి పిండివంటలు, బయటి తిండి

గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఇదే సీలియాక్ జబ్బు. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లేకపోవడం దీని లక్షణాలు. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. అయితే రక్తపరీక్ష కాకముందే గోధుమ మానకండి, జబ్బు బయటపడదు.

మనం అన్నం తినేవాళ్లం కనుక సగం కష్టం తప్పినట్లే. జొన్నరొట్టె, పెసరట్టు, అరిసెలు నిశ్చింతగా తినవచ్చు. కాని పిండి మర దగ్గర జాగ్రత్త! ముందు గోధుమలు ఆడి ఉంటే ఆ పిండి మన బియ్యప్పిండిలో కలుస్తుంది. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం మేలు. క్రిస్మస్‌ కేకు బియ్యప్పిండితో చేస్తే జిగురు లేక విరిగిపోతుంది. కోడిగుడ్డు ఒకటి ఎక్కువ వేయండి.

హోటల్లో రవ్వదోసె, ఉప్మా వద్దు. బొంబాయి రవ్వ గోధుమే. సాంబారులో వేసే డబ్బా ఇంగువలో కూడా తరచు గోధుమపిండి కలుపుతారు, అడగండి. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, పూరీలు వేగిన నూనెలో వేస్తే పనికిరాదు.

“ఒక్క ముక్కకేమవుతుంది” అని పిల్లల నోట్లో కేకు పెట్టే అమ్మమ్మలకు మా మనవి: కడుపునొప్పి రాకపోయినా పేగు లోపల దెబ్బతింటూనే ఉంటుంది.

ప్రభు బల్ల రొట్టె కూడా గోధుమదే. బియ్యప్పిండి రొట్టె విడిగా ఉంచగలరేమో పాస్టరుగారిని ముందే అడగండి. కతోలికులకు 2003లో రోము ఇచ్చిన వివరణ ప్రకారం గ్లూటెన్ అసలే లేని అప్పం చెల్లదు, ద్రాక్షారసం ఒక్కటే తీసుకోవచ్చు. ఎవరైనా సరే, రొట్టె ముంచిన పాత్రలోది మాత్రం తాగవద్దు.