విమానం దిగే తారీఖు చూసి రైలు టికెట్ తీయండి

మా క్యాంపులో ఒక అన్న రెండేళ్ల తర్వాత లీవు మీద ఊరికి బయలుదేరాడు. దుబాయ్‌లో 14వ తారీఖు రాత్రి 10 గంటలకు విమానం. దిగాక పొద్దున నిజామాబాద్ రైలు. టికెట్ ముందే తీసుకున్నాడు. సికింద్రాబాద్‌లో సామాను ఎక్కించి టీసీకి చూపిస్తే, "ఇది నిన్నటి టికెట్" అన్నాడు. 14వ తారీఖు పొద్దుటి రైలుకు తీసుకున్నాడు మరి! టికెట్ డబ్బులు పోయాయి. ఆ పొద్దున నాన్నను ఆస్పత్రిలో చేర్చాలి. జనరల్ బోగీలో నిలబడి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఈ పొరపాటు ఎవరికైనా జరగొచ్చు. దుబాయ్, మస్కట్ కంటే మన దేశం టైము గంటన్నర ముందు. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ కంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి విమానం ఎక్కితే దిగేది మరుసటి తారీఖే. రైలు టికెట్ ఆ తారీఖుకే తీయాలి.

రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అయినా తొందర వద్దు. లీవు ఖాయమై, విమాన టికెట్ చేతికొచ్చాకే తీయండి. విమానం లేటై రైలు తప్పితే రైల్వే డబ్బులు ఇవ్వదు. ఇమిగ్రేషన్, లగేజీ, ఆపైన శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు దాదాపు 35 కిలోమీటర్లు. అందుకే ఐదారు గంటల ఎడం ఉంచుకోండి. ఆన్‌లైన్ టికెట్ చార్టు అయ్యాక కూడా పూర్తి వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. అప్పుడు జూబ్లీ బస్టాండులో నిజామాబాద్, కరీంనగర్ బస్సులున్నాయి.

ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు తారీఖు కూడా సరిగ్గా చెప్పండి.